మూడో సూది దాక

ఫినాయిల్‌కు చావదట.
యాడాదంతా నేను పోసింది
వాసనకే.

పశువుల దవాఖాన కాంపౌండర్ యాకన్న
చిట్టీ ఎనుక రాసిచ్చిండు:
ముందు సబ్బుతోని మురికి పోవాలె.
తర్వాత ముప్పై పాళ్ల నీళ్లకు ఒక పాలు బ్లీచింగ్.
పది నిమిషాలు తడి ఆరొద్దు.
కింద రెండు గీతలు కొట్టి, ఇంకో మాట:
మట్టిని నమ్మకు.

కొత్తవాడల మా ఇల్లు రెండర్రలు.
ఒకదాంట్ల దరీల మగ్గం,
ఇంకోదాంట్ల మేము.
నడుమ బండల సందులల్ల
పోయిన వానకాలం ఇంకిపోయిండు జాంబవంతుడు.
పిడికెడు లేని కుక్కపిల్లకు
ఆ పేరు పెట్టింది మా రుత్విక.

మొదటి రోజు పాలు ముట్టలే.
రెండో రోజు నీళ్లు గూడ కక్కిండు.
మూడో రోజు సంగతి బండలకు ఎరుక.
నాలుగో రోజు సైకిల్ మీద తీస్కపోతుంటె
పోచమ్మ మైదాన్ కాడ
చాతికి కట్టుకున్న సంచి చల్లబడ్డది.
ఎర్రలైటు పచ్చగయిందాక నిలబడ్డ.
ఎనుక ఆటోవాడు హారన్ కొట్టంగ కొట్టంగ
ఎటు పోవాల్నో తెల్వలే.

వాడు పండుకున్న దరిని కాలబెట్టుమన్నరు.
పదకొండు దినాలు నేసిన దరి.
చేతులు రాలే.
బ్లీచింగుల ముంచిన,
ఎరుపంతా బకెట్‌లకు దిగింది.
రోహిణి ఎండల మిద్దె మీద ఏసిన,
రంగు లేదు, గిరాకి లేదు,
ఇంకా ఆడనే ఉంది.

ఇప్పుడు ఈ కొత్తది.
నర్సంపేట నుంచి మా తమ్ముడు తెచ్చిండు,
రెండు నెలలది, చెవులు మాత్రం పెద్దకుక్కవి.
కండెల గంపల కూసోబెట్టి
గంపను స్టూలు మీద పెట్టిన.
కింద దించితె చెయ్యి ఇరుగుతదని
ఇంటిల్లిపాదికి చెప్పిన.

చావింటికి పోయొస్తె
గడప బయట కాళ్లు కడుక్కుంటం గదా.
మా ఇల్లే చావిల్లు ఇప్పుడు.
బజారుకు పోయొచ్చినా కడుగుడే,
ఆకిట్ల నుంచి అర్రలకొచ్చినా కడుగుడే.
మా ఆయన చెప్పులు గేటు కాడ,
రుత్విక బడి బూట్లు పక్కింటి గోడ మీద.
పాత గిన్నె పోయింది, పాత గొలుసు పోయింది.
వీధికుక్కను నిమిరొచ్చిన చెయ్యిని
సబ్బు అరిగిందాక రుద్దిచ్చిన.

గింత పైలం నా పిల్లలకు గూడ చెయ్యలే,
అన్నది మా అత్త ఈరలక్ష్మి, నవ్వుకుంట.
తర్వాత కండె చుట్టుకుంట చుట్టుకుంట
పొద్దూకేదాక మాట్లాడలే.
ఆమెకు పుట్టింది ఐదుగురు.
మా ఆయన ఒక్కడే.

నా చేతిల పంజా ఇనుపది.
పోగు మీద పోగును
దబదబ కొట్టి కూసోబెడ్తది.
గంప అంచు మీద ఇంకో రెండు పంజాలు,
ఇంకా ఏ నేలా తొక్కనివి,
మెత్తగ, లేత గులాబి రంగుల.
నేను కొట్టినప్పుడల్లా
దాని చెవులు దరువేస్తయి.

ఒక సూది. నెలకు ఇంకో సూది.
గంప పట్టక నులకమంచం ఎక్కింది.
మంచం కోడు కొరికింది,
జారబోయింది, అంచుకొచ్చి ఏడ్చింది.
కోడు కొరికితె కొరకనీ అనుకున్న,
ఆకలున్న పిల్ల.

మూడో సూది పడ్డంక గూడ
ఇంకో రెండు వారాలు ఆగుమన్నడు యాకన్న.
పదిహేనో రోజు పొద్దుగాల
బండల మీద దించిన.
దించిన గని, చేతులు దాని పొట్ట కిందనే ఉన్నయి.
తీయుమన్నది రుత్విక.

అది సక్కగ ఆ సందు కాడికే పోయింది.
ఇల్లంత ఇడిసిపెట్టి ఆ ఒక్క సందుకే.
మూతి ఆనిచ్చి, తోక ఆపి,
చాన సేపు వాసన చూసింది.
మగ్గం మీద మా ఆయన చెయ్యి ఆగింది.

ఏమనుకున్నదో,
ఎనుక కాళ్లు మడిచి, నిమ్మళంగ,
ఆ సందు నిండ ఉచ్చ పోసింది.

బకెట్ కోసం లేచిన.
మా అత్త కొంగు పట్టి గుంజి
కూసోబెట్టింది.